ఊరుకున్న కాలు

నడిమిపాళెం,
ఇందుకూరుపేట మండలం,
ఫిబ్రవరి 11.

షారనమ్మకు,

క్షేమమని రాసి మొదలుపెట్టాలంటారు. ఆ మాట రాయబోతే పెన్ను ఆగిపోయింది, అందుకని వదిలేసినాను. నువ్వు బాగుండాలి.

గిద్యోను ఆటోలో, నువ్వు కసరత్తులు చేయించే సెంటరు నుంచి తెచ్చుకున్న సామాన్లు పంపిస్తున్నాను. చక్రాల కుర్చీ, గాలి పరుపు, దాని మోటారు, పాదాలకు తొడిగే ప్లాస్టిక్ బూట్లు రెండు. పరుపు రెండుసార్లు కడిగి ఎండబెట్టినాను. వాసన రాదు. కుర్చీ ఎడమ చక్రం కాస్త కిర్రుమంటుంది. నా బిడ్డ హరినాథ్ ఉంటే తనే నూనె వేసుకునేవాడు, మోటార్లు బాగుచేసే చెయ్యి కదా. ఇంకో బిడ్డకు పనికొస్తాయి. ఇంట్లో ఉంటే నేను రోజంతా వాటినే తుడుస్తా కూర్చుంటాను.

నోటుబుక్కు కూడా పంపిస్తున్నాను. నువ్వు ఇచ్చిందే. రెండు గంటలకోసారి పక్కకు తిప్పినామా, మూత్రం ఎన్నిసార్లు తీసినాము, మాత్రలు వేసినామా, అన్నీ రాయమన్నావు. అయిదో తరగతితో ఆగిపోయిన నా చెయ్యి పద్నాలుగు నెలలు ఆ పుస్తకంలో రాసి రాసి మళ్ళీ తిరిగింది. ఈ ఉత్తరం రాయగలుగుతున్నానంటే దాని వల్లే. ఫోను చెయ్యకూడదా అంటావు. ఇంట్లో ఉన్న ఫోను వాడిది. ఆన్ చేస్తే వాడి బొమ్మ వస్తుంది. ఇంకొకరి ఫోనులో చేద్దామంటే, నీ గొంతు వినగానే నాకు ఏడుపు తప్ప మాట రాదు.

ఒక్క సంగతి అడుగుతాను తల్లీ. నీళ్ళు వదిలేసిన రొయ్యల గుంటలో, గట్టు మీద నుంచి జారి తూము సిమెంటు మీద వాడు వెల్లకిలా పడినాడు కదా. మొదటి రెండు నెలలూ కాళ్ళు తడిసిన గోనెసంచుల్లా ఉన్నాయి. ఆ తర్వాత మీ దగ్గర ఉండగానే ఎడమ కాలు కదిలింది. దుప్పటి తగిలితే చాలు, ముడుచుకునేది, పైకి లేచేది. వాడు దానికి సర్పంచి అని పేరు పెట్టినాడు. "పిలవకపోయినా లేస్తాడు, చెప్పిన మాట వినడు" అన్నాడు. వార్డంతా నవ్వింది. నేను నవ్వలేదు. నేను మొక్కుకున్నాను.

కదిలిన కాలు కదమ్మా. ప్రాణం ఉన్న కాలే కదా. మరి ఒక్క అడుగు వెయ్యకుండా ఎట్టా పోయినాడు? నువ్వు అప్పుడు ఏదో చెప్పినావు. నా చెవిలో కాలు కదిలిందన్న మాట ఒక్కటే పడింది. ఇప్పుడు చెప్పు. నిజం చెప్పు. నిజం వల్ల నాకు ఇంక పోయేదేముంది.

ఇందిరమ్మ

*

వెంకటాచలం,
ఫిబ్రవరి 20.

అమ్మా,

సామాన్లన్నీ అందాయి. కుర్చీకి నూనె నేనే వేశాను. నోటుబుక్కు అందింది. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను.

నిజం అడిగారు కాబట్టి మెల్లగా చెబుతాను. ఒకటికి రెండుసార్లు చదవండి.

కాలు కదపాలన్న ఆజ్ఞ తలలో, మెదడు పైభాగంలో పుడుతుంది. అక్కడి నుంచి దారాల్లాంటి నరాల గుండా కిందికి దిగుతుంది. తల మెడలోకి దిగే చోట ఆ దారాల్లో ఎక్కువ భాగం అవతలి పక్కకు దాటుతాయి. అందుకే ఎడమ కాలికి మాట మెదడు కుడి వైపు నుంచి వస్తుంది. దాటాక వెన్నుపాములో దిగి, నడుము దగ్గర ఇంకో నరానికి ఆ మాట అప్పజెబుతాయి. ఆ నరం పోయి కండను లాగుతుంది. అప్పుడు కాలు కదులుతుంది.

హరినాథ్‌కు దెబ్బ ఛాతీ వెనక తగిలింది. పైనుంచి వచ్చే మాట అక్కడే ఆగిపోయింది. అందుకే చేతులు బాగున్నాయి, మాట బాగుంది, మనందరినీ నవ్వించే బుర్ర బాగుంది. ఛాతీ కిందికి మాత్రం ఏ కబురూ దిగలేదు.

కానీ దెబ్బకు కింద ఉన్న వెన్నుపాము చచ్చిపోలేదమ్మా. మొదట్లో అదిరిపోయి మొద్దుబారింది. రెండు నెలలకు తేరుకుంది. తేరుకున్నాక తనంతట తాను పనిచేయడం మొదలుపెట్టింది. దుప్పటి తగిలిందన్న కబురు నడుము దాకా వస్తుంది, అక్కడే జవాబు తయారై కాలికి పోతుంది. తలకు ఆ సంగతే తెలియదు.

కాలికి ప్రాణం ఉన్న మాట నిజమే. కానీ ఆ కదలిక హరినాథ్ కదిపింది కాదు. రాయడానికి నాకు కష్టంగా ఉంది, చదవడానికి మీకు ఇంకా కష్టం. అయినా మీరు అడిగారు.

అన్నం తింటున్నారా?

షారన్

*

నడిమిపాళెం,
మార్చి 9.

షారనమ్మకు,

నీ ఉత్తరం నేను మూడుసార్లు చదివినాను. తర్వాత ఆయనకు చదివి వినిపించినాను. ఆయన ముప్పై ఏళ్ళు కాలువ మీద లష్కరుగా పనిచేసిన మనిషని నీకు తెలుసు కదా. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూడడమే ఆయన ఉద్యోగం. కొడుకు పోయినాక ఇంట్లో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడినాడు.

"ఇది మన కాలువే కదే" అన్నాడు.

"ఏం కాలువ?"

"ఆనకట్ట కాడి నుంచి నీళ్ళొస్తాయి. మధ్యలో వాగు కింద సొరంగంలో దూరి అవతలి గట్టుకు పోతాయి. ఆ షారనమ్మ చెప్పిన దాటేచోటు అదే. ఛాతీ కాడ గండి పడింది. మనది చివరి ఊరు. గండి పడితే మనకు చుక్క రాదు."

"చుక్క రాకపోతే కాలెట్టా లేచింది మరి?"

ఆయన పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కూతురు వాణి కాఫీ తెచ్చి పెడితే గ్లాసు పక్కకు జరిపినాడు. తర్వాత అన్నాడు.

"పైనుంచి నీళ్ళు రాకపోయినా చేలల్లో ఊట ఉంటాది. మడవ కట్టేవాడు లేకపోతే ఆ ఊటే ఒక చేలో నిలిచి పైరు కుళ్ళబెడతాది. తూము ఎత్తేదానికి లష్కర్ ఎందుకే ఇందిరా? రైతే ఎత్తుకుంటాడు, వద్దన్నా ఎత్తుకుంటాడు. దించేదానికే మేము కావాల. నా ఉద్యోగమంతా దించేదే. ఆ పిల్లను అడుగు. పైనుంచి కదులు అనే మాట ఒకటే వస్తాదా, ఆగు అనే మాట కూడా వస్తాదా?"

అందుకే అడుగుతున్నాను. ఆగు అనే మాట కూడా తల నుంచే రావాలా? అది రాకనేనా ఆ కాలు అట్టా ఎగిరింది?

ఇంకొకటి. రోజుకు మూడు పూటలా ఇచ్చే ఆ తెల్ల మాత్ర ఏం చేస్తుంది? ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను.

ఇందిరమ్మ

*

వెంకటాచలం,
మార్చి 18.

అమ్మా,

నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. నాలుగేళ్ళు కాలేజీలో కూర్చుని నేర్చుకున్నది ఆయన గోడకు ఆనుకుని చెప్పేశారు.

అవును. ఆగు అనే మాట కూడా పైనుంచే వస్తుంది. మామూలు మనిషిలో దిగే కబుర్లలో చాలా భాగం అదే. వెన్నుపాము ప్రతి చిన్న తాకిడికీ ఎగిరి పడాలని చూస్తుంది. పైనుంచి వచ్చే మాట దాన్ని ఊరుకోబెడుతూ ఉంటుంది. మనం నిలబడినా, కూర్చున్నా, కదలకుండా పడుకున్నా అది జరుగుతూనే ఉంటుంది, మనకు తెలియదు. ఆ దారి తెగితే కాలు నడవదు, ఊరుకోనూ ఊరుకోదు.

తెల్ల మాత్ర ఆ ఊరుకోబెట్టే పని కొంత చేస్తుంది. నయం చేసే మాత్ర కాదు, కాలును చంపే మాత్రా కాదు. కండలు మరీ బిగుసుకోకుండా, కాళ్ళు విసిరి చర్మం ఒరుసుకుపోకుండా చూస్తుంది.

ఇంకేమైనా అడగాలని ఉంటే అడగండి. ఏదైనా చెప్పాలని ఉన్నా చెప్పండి.

షారన్

*

నడిమిపాళెం,
ఏప్రిల్ 2.

షారనమ్మకు,

నువ్వు చివర రాసిన మాట చూసి నీకు ఏదో తెలుసనుకున్నాను. మళ్ళీ, నీకెట్టా తెలుస్తుంది, నాకూ పైనున్న వాడికీ తప్ప ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. ఈ ఉత్తరం ఆయనకు చూపించను.

డిసెంబరులో తుపాను వచ్చింది కదా. మూడు రోజులు రోడ్డు తెగిపోయింది. ఇంట్లో ఆ తెల్ల మాత్రలు అయిపోయినాయి. తక్కినవన్నీ ఉన్నాయి, అవి ఒక్కటే లేవు. మూడో రోజు పొద్దున వాడికి దుప్పటి తీస్తుంటే ఎడమ కాలు మోకాలు మడుచుకుని కడుపు మీదికి లేచింది. కుడి కాలు కూడా లేచింది. ఏడాదిలో కుడి కాలు అట్టా లేవడం నేను చూడలేదు. నేను మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయినాను.

"ఏందిరా ఇది" అన్నాను.

"సర్పంచికి వార్డు మెంబరు తోడైనాడమ్మా" అన్నాడు.

నాకు అప్పుడు ఒక్కటే తోచింది. ఇన్నాళ్ళూ ఆ మాత్రే కాళ్ళను కట్టేసిందని. మాత్ర లేకపోతే కాలు లేస్తున్నది, మాత్ర వేస్తే పడుకుంటున్నది. ఎవరికైనా ఏమనిపిస్తుంది? నేను చదువుకున్నదాన్ని కాదు. కళ్ళతో చూసింది నమ్మినాను.

రోడ్డు బాగయినాక గిద్యోను మాత్రలు తెచ్చి ఇచ్చినాడు. తెల్లవి కందిపప్పు డబ్బాలో అడుగున దాచినాను. పూటకు నాలుగు మాత్రలు వాడి అరచేతిలో పెట్టేదాన్ని, మూడే పెట్టినాను. వాడు ఏమీ అడగలేదు. చూసుకోలేదేమో అనుకున్నాను. నువ్వు అడుగుతావని పుస్తకంలో మాత్రం ఇచ్చినట్టు గుర్తు పెట్టినాను. డిసెంబరు 9 నుంచి 31 దాకా ఆ గుర్తులన్నీ అబద్ధం. ఇరవై మూడు రోజులు.

ఆ ఇరవై మూడు రోజులూ నా అంత సంతోషంగా ఈ ఊళ్ళో ఎవరూ లేరమ్మా. పొద్దున లేచి కాళ్ళు చూసుకునేదాన్ని. చేపల పులుసు పెట్టినాను. వాడు తిన్నాడు, నేనూ వాడి మంచం పక్కన కూర్చుని తిన్నాను. వాడు పడినప్పటి నుంచి నేను కడుపునిండా తిన్నది ఆ రోజులే. బలం వస్తే సంక్రాంతి దాటినాక నీ దగ్గరికి తీసుకొచ్చి చూపిద్దామనుకున్నాను. షారనమ్మ నోరు తెరుచుకుని చూడాల అని వాడితో అంటే, "తెరుస్తాదమ్మా, కచ్చితంగా తెరుస్తాది" అన్నాడు.

కాళ్ళు విసిరి విసిరి నడుం పక్క ఎముక దగ్గర చర్మం గాలి పరుపు మీద నుంచి జరిగి మంచం పట్టెకు ఒరుసుకున్నది. మొదట ఎర్రగా ఉంది. కొబ్బరినూనె రాసినాను. తర్వాత పుండై లోపలికి పోయింది. ఒకటో తారీకు జ్వరం వచ్చింది. భయమేసి మాత్రలు మళ్ళీ వేసినాను, డబ్బాలో నుంచి తీసి. నెల్లూరు ఆస్పత్రిలో పద్దెనిమిది రోజులు. తర్వాత సంగతి నీకు తెలుసు.

ఫిబ్రవరిలో నేను అడిగినప్పుడు, ఆ కదలిక నిజమైందని నువ్వు చెబితే బాగుండునని అడిగినాను. నిజమైందైతే నేను చేసింది తప్పు కాదు కదా అని. ఇప్పుడు అడగాల్సింది ఒక్కటే. నా బిడ్డను నేనే చంపినానా?

అవునంటే అవునని రాయి.

ఇందిరమ్మ

*

నడిమిపాళెం,
మే 6.

షారన్ మేడమ్ గారికి చెంచురామయ్య నమస్కరించి రాయునది.

మా ఇంటామె ఏప్రిల్ మొదట్లో మీకు ఉత్తరం వేసింది. అందులో ఏముందో నాకు తెలియదు, నేను అడగలేదు. జవాబు కోసం రోజూ పోస్టుమాన్ పద్మనాభయ్యను వీధిలో ఆపి అడుగుతున్నది. ఆయన మా వీధి తప్పించి పోతున్నాడు. కంచం ముందు కూర్చుని లేస్తున్నది. మా అమ్మాయి బతిమాలితే రెండు ముద్దలు. మనిషి చిక్కిపోయింది.

మంచిదైనా చెడ్డదైనా ఒక మాట పంపించండి. నీళ్ళు రాని రోజున రావని పోయి రైతుకు చెప్పడం కూడా మా ఉద్యోగంలో ఉండేది. చెప్పకపోతే రైతు గట్టు మీదే కూర్చుంటాడు.

ఇట్లు,
చెంచురామయ్య

*

వెంకటాచలం,
మే 14.

అమ్మా,

ఈ ఆరు వారాల్లో మీకు నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. నాన్నగారి కార్డు వచ్చాక ఇంక చించలేను.

మీరు అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. ఆ మాత్రను ఉన్నట్టుండి మానకూడదు. మానితే కాళ్ళు విసురుతాయి, బిగుసుకుంటాయి. పుండు పడడానికి అది కారణమే. కాదని చెబితే మీరు నమ్మరు, నేనూ చెప్పలేను. ఆ పుండే ప్రాణం తీసిందని మాత్రం ఏ డాక్టరూ చెప్పలేడు. మూత్రంలో కూడా ఇన్‌ఫెక్షన్ ఉంది. ఇలా దెబ్బ తగిలిన వాళ్ళకు ఆ రెండు ప్రమాదాలూ మాత్ర వేసుకున్నా వెన్నంటే ఉంటాయి. ఇంతకంటే తేలిక చేసి చెప్పను. బరువు పెంచీ చెప్పను.

ఇప్పుడు నా సంగతి. మీకూ పైనున్న దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదని రాశారు. హరినాథ్‌కు తెలుసమ్మా. నాకూ తెలుసు.

డిసెంబరు 15న హరినాథ్ నా ఫోనుకు గొంతు రికార్డు చేసి పంపాడు. మీరు ఆ ఫోను తెరవరు కాబట్టి విని, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"షారనక్కా, మా అమ్మ తెల్లమాత్ర ఆపేసింది. కందిపప్పు డబ్బాలో దాచింది. పప్పు పోసేటప్పుడు గలగలమంటాది, నాకు వినపడదనుకుంటాది. నువ్వు తిట్టొద్దు, ఫోను కూడా చెయ్యొద్దు. కాలు లేచినప్పుడల్లా మా అమ్మ మొహం చూడాల నువ్వు. నిన్న రెండోసారి అన్నం పెట్టించుకుంది అక్కా. నేను పడినప్పటి నుంచి మా అమ్మ నా ముందర అన్నం తినంగా నేను చూడలా. సర్పంచి ఇన్నాళ్ళకు ఒక పని చేస్తా ఉన్నాడు, చెయ్యనీ. నెలాఖరు దాకా. ఒకటో తారీకు నేనే చెప్తా, అమ్మా నువ్వు దాచిన మాత్ర ఇయ్యి అని. అప్పటిదాకా తిననీ."

నేను వెంటనే ఫోను చేశాను. ఇది ఆట కాదు, ఈ పూటే మాత్ర వేసుకో, లేకపోతే నేనే అమ్మకు చెబుతానన్నాను. వేసుకుంటానన్నాడు. శనివారం ఇంటికి వచ్చి చూస్తానన్నాను. ఆ శనివారం చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు ఉంది. తర్వాతి శనివారం ఇంకేదో ఉంది. పనులని చెప్పుకున్నాను. అసలు సంగతి, ఆ కదలిక ఉత్తదేనని మీ ముఖం చూసి చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. అది చెప్పడమే నా ఉద్యోగం. నేను చెప్పలేదు.

ఫిబ్రవరిలో మీ నోటుబుక్కులో ఆ గుర్తులు చూసినప్పుడే అవి అబద్ధమని నాకు తెలుసు. అప్పుడూ రాయలేదు.

తను ఇంక నడవలేనని హరినాథ్‌కు రెండో నెలలోనే తెలుసు. నన్ను అడిగాడు, చెప్పాను. "మా అమ్మకు మాత్రం నిదానంగా చెప్పక్కా, ఆమె నాకంటే సున్నితం" అన్నాడు.

మీరు నన్ను ఏమన్నా సరే.

షారన్

*

నడిమిపాళెం,
జూన్ 3.

షారన్‌కు,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టబోయినాను. వాడి మాటలు ఉన్నాయని ఆగినాను. ఆ మాటలున్న కాగితం వరకూ చించి దాచుకున్నాను. తక్కిన కాగితాలు పొయ్యిలోకే పోయినాయి.

నువ్వు ఆ శనివారం వచ్చి ఉంటే ఏమైపోయేది? నేను ఏడ్చేదాన్ని. నిన్ను తిట్టేదాన్ని. వాడు పక్కనుండి నవ్వేవాడు. అంతే కదా. ఆ ఏడుపేదో వాడు ఉన్నప్పుడే ఏడ్చేసేదాన్ని కదా.

వాడి మీద ఇంకా కోపంగా ఉంది. తల్లికి అన్నం పెట్టేదానికి ప్రాణం పెట్టమని ఎవరడిగినారు వాడిని. పప్పు డబ్బా చప్పుడు విని కూడా నోరు మూసుకున్నాడు. మూడు మాత్రలు అరచేతిలో వేసుకుని నా మొహం చూసి నవ్వేవాడు. ఆ నవ్వు నాకు ఇప్పుడు అర్థమవుతుంటే నేను బతకడం ఎట్టా?

ఆయనకు అంతా చెప్పినాను. డబ్బా సంగతి, పుస్తకం సంగతి, నీ సంగతి. కాలువ మీదికి పోయినాడు. ఇంకా నీళ్ళు వదల్లేదు, ఎండిన కాలువ గట్టున ఏం చేసినాడో తెలియదు. పొద్దుగూకే వేళకు వచ్చి కాళ్ళు కడుక్కుని తనే కంచాలు వేసినాడు. పెళ్ళయినాక ఆ మనిషి కంచం వెయ్యడం నేను చూడలేదు.

"కూర్చో" అన్నాడు.

"నాకొద్దు."

"వాడు ఏం పెట్టి నీకు అన్నం తినిపించినాడో ఇప్పుడు తెలిసింది కదా. తినకుండా లేస్తే వాడు పెట్టింది పారబోసినట్టు."

తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

నీకు ఇప్పుడిప్పుడే మళ్ళీ రాయను. రాయాలనిపించినప్పుడు రాస్తాను.

ఇందిరమ్మ

*

వెంకటాచలం,
జూలై 21.

అమ్మా,

మన్నించమని అడగడానికి రాయడం లేదు. ఒక పని మీద రాస్తున్నాను.

మీరు పంపిన కుర్చీలో ఇప్పుడు సాయిలక్ష్మి అనే పిల్ల కూర్చుంటోంది. పంతొమ్మిదేళ్ళు. స్కూటీ మీద పోతుంటే లారీ తగిలింది. హరినాథ్‌కు దెబ్బ తగిలిన చోటికి ఒక్క ఎముక కింద. తల్లి పేరు పరంజ్యోతి, కోట ఊరి దగ్గర రొయ్యల గుంటల్లో కూలి. మొన్న సోమవారం ఆ పిల్ల కాలు కదిలింది. పరంజ్యోతి వార్డులో అందరికీ మైసూర్‌పాక్ పంచింది. నాకూ పెట్టింది.

ఈసారి నేను వాయిదా వెయ్యలేదు. ఆ తల్లిని పక్కన కూర్చోబెట్టి అదే రోజు చెప్పాను. అది ఊరికే వచ్చే కదలికని, నడక కాదని, మాత్ర ఆపకూడదని. తల ఊపింది. సాయంత్రం చూస్తే పిల్ల అరికాలు గోరుతో గీరి కాలు లేపుతోంది. "చూడు మేడమ్, నువ్వు లేవదన్నావే" అంది. నా మాట చెవిలో పడినా లోపలికి దిగలేదు.

మీ మాట దిగుతుందేమో. రాస్తారా? బలవంతం లేదు.

నోటుబుక్కు ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. అది మీ దగ్గర ఉండాల్సింది.

షారన్

*

నడిమిపాళెం,
ఆగస్టు 4.

షారనమ్మకు,

నీ మీద కోపం పూర్తిగా పోలేదు. పోయినప్పుడు చెబుతాను. ఆ తల్లికి అదే రోజు చెప్పినావని చదివి కొంచెం తగ్గింది.

పుస్తకం అందింది. డిసెంబరు పేజీలు తీసి ఆ గుర్తులన్నీ కొట్టేసినాను. ఒక్కొక్కదాని పక్కన ఇవ్వలేదు అని రాసినాను. రోజుకు మూడు చొప్పున ఇరవై మూడు రోజులకూ. చెయ్యి నొప్పి పుట్టింది. అయినా ఒక్కటీ వదల్లేదు. చివర ఖాళీ ఉంటే, ఆ రోజుల్లో వాడు ఏమేం తిన్నాడో గుర్తున్నంత వరకు రాసినాను. అది అబద్ధం కాదు.

కిందిది ఆ తల్లికి. నువ్వే చదివి వినిపించు. మధ్యలో ఆగి నువ్వు ఏడవొద్దు, ఆమె భయపడుతుంది.

పరంజ్యోతీ,

నేను నీకు తెలియదు. నీ కూతురు కూర్చునే కుర్చీ నా కొడుకుది. ఎడమ చక్రం కిర్రుమంటే నూనె వెయ్యి.

నీ బిడ్డ కాలు కదిలిందని విన్నాను. నువ్వు మిఠాయి పంచినావంట. నేనైతే చేపల పులుసు పెట్టినాను. సంతోషపడొద్దని నేను చెప్పను. ఆ కాలు లేచినప్పుడు కన్నతల్లికి ఎట్టా ఉంటుందో నాకు తెలుసు, ఆ మేడమ్‌కు తెలియదు. నీకూ నాకూ తెలుసు.

మా ఆయన కాలువ మీద లష్కరు. ఆయన చెప్పింది నీకు చెబుతాను. మన తలలో నుంచి కాలికి రెండు మాటలు దిగుతాయి. లే అనేది ఒకటి, ఊరుకో అనేది ఒకటి. నీ బిడ్డకు ఆ దారి తెగింది. రెండు మాటలూ దిగడం లేదు. లే అని చెప్పేవాళ్ళు లేక నడవడం లేదు. ఊరుకో అని చెప్పేవాళ్ళు లేక కాలు ఎగురుతున్నది. ఎగిరేది ఆ పిల్ల కాదు. ఆ పిల్లను అడుగు, నువ్వు లేపినావా అని. నేను ఒక్కసారి కూడా నా కొడుకును ఆ మాట అడగలేదు. అడిగి ఉంటే వాడు అబద్ధం చెప్పేవాడు కాదు. అందుకే అడగలేదేమో.

ఆ తెల్ల మాత్ర ఉంది చూడు, అది కాలును కట్టేసే తాడు కాదు. తల చెప్పలేని ఊరుకో అనే మాట అది చెబుతున్నది. పసిబిడ్డప్పుడు నువ్వు ఒళ్ళో వేసుకుని ఎన్నిసార్లు చెప్పి ఉంటావు ఆ మాట. ఇప్పుడు పూటకో మాత్రతో చెప్పాలి. నేను ఇరవై మూడు రోజులు చెప్పలేదు. నా కొడుకు కాళ్ళు ఆ ఇరవై మూడు రోజులూ విసిరి విసిరి నడుం దగ్గర చర్మం చిరిగింది. వాడు జనవరి పందొమ్మిదిన పోయినాడు. వాడి పేరు హరినాథ్.

ఇంకొకటి. నీ బిడ్డ ముందర నువ్వు అన్నం తిను. రోజూ తిను. కాలు లేచినా తిను, లేవకపోయినా తిను. నువ్వు తినడం లేదని వాళ్ళు చూస్తా ఉంటారు. నీకు ఒక్క ముద్ద తినిపించేదానికి వాళ్ళు ఏమైనా చేస్తారు. నేను చూసినాను.

సాయంత్రం పూట ఆ పిల్ల కాళ్ళు రెండూ చాపి, నూనె రాసి, మెల్లగా వంచి చాపు. షారన్ నేర్పిస్తుంది. ఎగిరితే మోకాలి మీద చెయ్యి ఆనించి బరువు పెట్టి ఉంచు. కాసేపటికి తగ్గుతుంది. తగ్గినాక చెయ్యి తియ్యొద్దు, ఇంకాసేపు ఉంచు. నాకు ఇప్పుడు ఉంచేదానికి కాలు లేదు.

అది లేవకుండా పడుకుని ఉన్నప్పుడు నీకు బాధగా ఉంటుంది. నిన్న లేచింది ఇవాళ లేవలేదే అనిపిస్తుంది. మాత్ర దాచబుద్ధవుతుంది. అప్పుడు నన్ను తలుచుకో. వేళకు మాత్ర ఇయ్యి. పుస్తకంలో నిజం రాయి.

ఊరుకున్న కాలు కూడా నీ బిడ్డదే తల్లీ.

హరినాథ్ వాళ్ళమ్మ
ఇందిరమ్మ